బుల్లికుక్క పోషణ: ఒక చిత్రం చెప్పినది, చెప్పక విడిచినది

బుల్లికుక్కను పెంచడమెట్లా అనే విషయంపై వ్రాసిన పుస్తకాలలో సాధారణంగా ఒకే వరుస కనిపిస్తుంది. ఏమి పెట్టవలె, ఎన్నాళ్ళకొకసారి స్నానం చేయించవలె, బొచ్చు ఎట్లా దువ్వవలె, గోళ్ళు ఎప్పుడు కత్తిరించవలె అని చెప్పి అధ్యాయం ముగిస్తారు. ఆ కుక్క ఏ తల్లికి, ఏ తండ్రికి పుట్టినది, ఆ రెండింటికీ రక్తసంబంధం ఎంత దగ్గరిది, దాని తలకాయలో దాని మెదడుకు చాలినంత చోటు ఉన్నదా లేదా అనే ప్రశ్నలు వాటిలో రావు. పోషణ అనేది కుక్కపిల్ల ఇంటికి వచ్చిన నాటినుండి మొదలవుతుందని ఆ పుస్తకాల ఊహ. ఈ ఊహను గట్టిగా కదిలించినది ఒక చలనచిత్రం.

దాని పేరు 'పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్'. తెలుగులో చెప్పవలెనంటే 'వంశపత్రం గల కుక్కల బండారం' అనవచ్చును. జెమీమా హారిసన్ దర్శకత్వంలో తయారైన ఈ వార్తాచిత్రాన్ని బి.బి.సి. వారు 2008 ఆగస్టు 19న బ్రిటన్‌లో ప్రసారం చేశారు. ఒక గంట సేపు నడిచే ఈ చిత్రం బ్రిటన్‌లో శతాబ్దానికి పైగా సాగుతూ వచ్చిన ఒక వ్యవస్థను బోనులో నిలబెట్టినది. దాని ప్రభావం ఇంతవరకు చల్లారలేదు. కనుక దానిని ఒక సంచలనంగా గాక, ప్రజలకు విజ్ఞానం చెప్పే ప్రయత్నంగా తీసికొని, అది ఎంతవరకు నెరవేరినదో విచారించడం ఉచితం.

చిత్రం చూపినది

కుక్కలకు జాతి ప్రమాణాలను నిర్ణయించి, వంశావళులను నమోదు చేయడానికి లండన్‌లో 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడినది. 1891లో క్రఫ్ట్స్ అనే ప్రదర్శన మొదలైనది. ఒక్కొక్క జాతికి తల యెట్లా ఉండవలె, ముక్కు ఎంత ఉండవలె, తోక ఎట్లా తిరగవలె అని వ్రాతపూర్వకమైన ప్రమాణం ఉంటుంది. న్యాయనిర్ణేతలు ఆ ప్రమాణానికి దగ్గరగా ఉన్న కుక్కకు బహుమానమిస్తారు. బహుమానం పొందిన మగకుక్కకు గిరాకీ పెరుగుతుంది. దానికి పుట్టే పిల్లలు వందలకు చేరుతవి. కంటికి కనిపించే రూపానికే మార్కులు. లోపల గుండె ఎట్లా కొట్టుకుంటున్నదో, ఊపిరి ఎట్లా ఆడుతున్నదో ఆ పట్టికలో చోటు చేసికొనలేదు. హారిసన్ చిత్రం చేసిన ముఖ్యమైన అభియోగం ఇది.

ఈ అభియోగానికి చిత్రం ఎన్నో జాతులను సాక్ష్యంగా తెచ్చినది గాని, చూచినవారి మనస్సులో నాటుకొన్నది మాత్రం కెవలియర్ కింగ్ చార్లెస్ స్పానియెల్ అనే బుల్లికుక్క. ఐదు నుండి ఎనిమిది కిలోల బరువు, వేలాడే చెవులు, పెద్ద కన్నులు, ఎవరిని చూచినా తోక ఊపే స్వభావం గల ఈ జాతి, కెన్నెల్ క్లబ్ వర్గీకరణలో టాయ్ జాతుల కోవకు చెందినది. ఒళ్ళో కూర్చుండబెట్టుకొనడానికే పుట్టినట్లుండే ఆ కుక్క తెరమీద బాధతో అరుస్తూ మెలికలు తిరుగుతుంది. మెడ ప్రక్కన గాలిలో, చర్మానికి తగలకుండానే, కాలితో గోకుతూ ఉంటుంది. తెలియనివారు గజ్జి అనుకొంటారు. అది గజ్జి కాదు. సిరింగోమైలియా అనే వెన్నుపాము వ్యాధి.

ఈ వ్యాధి పుట్టే తీరు ఇది. తల వెనుక భాగంలోని ఎముక చిన్నదై, లోపలి మెదడు మాత్రం అందుకు తగినట్లు చిన్నది కాకపోవడంవల్ల, మానెడు గింజలను తవ్వెడు కొలతలో కుక్కినట్లు అవుతుంది. చోటు చాలక అనుమస్తిష్కం, అనగా మెదడు వెనుక దిగువన ఉండే భాగం, కపాలం అడుగున ఉన్న రంధ్రంలోకి జారుతుంది. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ నిరంతరం ప్రసరించే ద్రవానికి అక్కడ అడ్డు పడుతుంది. దారి లేని ద్రవం వెన్నుపాము లోపలనే తిత్తులుగా నిలిచి నరాలను నొక్కుతుంది. మెడమీద పట్టీ తగిలినా, ఎవరైనా ఎత్తుకొన్నా, కొన్నింటికి ఏమీ తగలకపోయినా నొప్పి కలుగుతుంది.

2011లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, జబ్బు లక్షణాలేవీ లేవని యజమానులు భావించిన 555 కెవలియర్లకు ఎం.ఆర్.ఐ. పరీక్షలు చేయించి చూడగా, ఏడాది వయస్సులో నూటికి 25 కుక్కలలోను, ఆరేండ్లు దాటినవాటిలో నూటికి 70 కుక్కలలోను వెన్నుపాములో ఈ తిత్తులు కనిపించినవి. తిత్తి ఉన్న ప్రతి కుక్కా బాధపడుతుందని దీని అర్థం కాదు. కాని పైకి బాగున్నట్లు కనిపించడం బాగున్నట్లు కాదని మాత్రం ఈ అంకెలు చెబుతున్నవి. చిత్రం 2008లో చేసిన హెచ్చరిక అతిశయోక్తి కాదని మూడేండ్ల తరువాత ఈ విధంగా రుజువైనది.

ఈ వ్యాధి ఉన్నట్లు తెలిసిన తరువాత కూడా బహుమానం పొందిన ఒక కుక్కను సంతానానికి వినియోగించినట్లు చిత్రం చెప్పినది. 2003లో క్రఫ్ట్స్‌లో ప్రథమస్థానం పొందిన పెకింగీస్ జాతి కుక్కను గురించి కూడా చెప్పినది. ఊపిరాడక దాని అంగిలికి శస్త్రచికిత్స చేయవలసి వచ్చినదట. విజయం తరువాత ఛాయాచిత్రాలు తీసే సమయంలో వేడికి తాళలేని ఆ కుక్కను మంచుపొట్లంపై కూర్చుండబెట్టినారట. దేశంలోకెల్లా ఉత్తమమైన కుక్క అని ఎంపికైనది, మంచు లేకుండా కూర్చుండలేని స్థితిలో ఉన్నది. ఈ ఒక్క దృశ్యం చేసిన పని వంద వ్యాసాలు చేయలేవు. చిత్రమనే సాధనానికి ఉన్న బలం అది. హారిసన్ దానిని సమర్థంగా వాడుకొన్నారు.

దగ్గర సంబంధాల లెక్క

రెండవ అభియోగం రక్తసంబంధాలను గురించి. బ్రిటన్‌లోని పగ్ జాతి కుక్కల సంఖ్య అప్పటికి సుమారు 10,000. వంశావళులను బట్టి ఇంపీరియల్ కాలేజీ శాస్త్రజ్ఞులు లెక్క కట్టగా, జన్యువైవిధ్యం విషయంలో ఆ పదివేలూ పరస్పర సంబంధం లేని 50 కుక్కలతో సమానమని తేలినట్లు చిత్రం ప్రకటించినది. ఈ అంకె విని ప్రేక్షకుడు ఆశ్చర్యపోతాడు. కాని ఎందుకు ఆశ్చర్యపోవలెనో వివరించడానికి చిత్రం చాలినంత సమయం కేటాయించలేదు. శాస్త్రబోధగా చూచినప్పుడు ఇది మొదటి లోపం.

తెలుగు పాఠకునికి ఈ విషయం బోధపరచడం కష్టం కాదు. మేనరికాలు తెలిసిన సమాజమిది. ప్రతి జీవిలోను కొన్ని దోషజన్యువులు ఉంటవి. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున ప్రతి జన్యువుకు రెండు ప్రతులు ఉంటవి కనుక, ఒకటి చెడినా రెండవది పని జరుపుతుంది; దోషం కనిపించదు. తల్లిదండ్రులకు ఉమ్మడి పూర్వీకులు ఉన్నప్పుడు, ఆ పూర్వీకుని ఒకే జన్యువు రెండు వైపులనుండి వచ్చి బిడ్డలో కలిసే అవకాశం ఏర్పడుతుంది. మేనబావ మరదళ్ళ బిడ్డలో ఈ అవకాశం ప్రతి జన్యువుకు పదహారింట ఒక వంతు. అక్క కూతురిని చేసికొన్నవారి బిడ్డలో ఎనిమిదింట ఒక వంతు. ఒక ఈతలోని అన్నాచెల్లెళ్ళను గాని, తండ్రీ కూతుళ్ళను గాని జత చేస్తే, పుట్టిన కుక్కపిల్లలో నాలుగింట ఒక వంతు. మనుష్యులలో ఏ సమాజమూ అంగీకరించని ఈ మూడవ రకపు సంబంధాలను, అప్పటి కెన్నెల్ క్లబ్ నియమాలు అంగీకరించి నమోదు చేసినవి. ఒక తరంలో కాదు, అనేక తరాలుగా ఇట్టి జతలు కుదిర్చినప్పుడు ఫలితమేమిటో ఊహించవచ్చును.

ఇంత చిన్న లెక్కను చెప్పవలసిన చోట చిత్రం వేరొక దారి తొక్కినది. మానవజాతిని 'శుద్ధి' చేయవలెనన్న ఇరవయ్యవ శతాబ్దపు సుజనన వాదంతోను, జర్మనీ నాజీలతోను కుక్కల జాతిశుద్ధి భావనను పోల్చినది. ఆ రెండు భావాలూ ఒకే కాలంలో పెరిగినవన్న మాట చారిత్రకంగా సత్యమే. కాని ఆ పోలిక ప్రేక్షకుని కోపాన్ని పెంచినంతగా అతని జ్ఞానాన్ని పెంచలేదు. ఈ పోలిక విషయంలో కెన్నెల్ క్లబ్‌కు సమాధానం చెప్పుకొనే తగిన అవకాశం ఇవ్వలేదని బ్రిటిష్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ తరువాత అభిప్రాయపడినది కూడా. వాదన బలంగా ఉన్నప్పుడు కేకలు వేయవలసిన పని లేదు.

కెవలియర్ కథలోని నీతి

రెండవ లోపం మరింత ముఖ్యమైనది. అహంకారంతోను, బహుమాన కాంక్షతోను కొందరు పెంపకందారులు కుక్కలను పాడు చేశారన్నది చిత్రం మిగిల్చే అభిప్రాయం. కెవలియర్ జాతి పుట్టుక చరిత్ర ఇంతకంటె లోతైన సంగతిని చెబుతుంది.

పదిహేడవ శతాబ్దంలో రెండవ చార్లెస్ రాజు ముద్దుగా పెంచుకొన్న చిన్న స్పానియెళ్ళకు కొంత పొడుగైన మూతి ఉండేది. పందొమ్మిదవ శతాబ్దంలో చప్పిడి ముక్కు ఫాషనై, ఆ కుక్కల మూతి లోపలికి పోయినది. రాస్వెల్ ఎల్‌డ్రిడ్జ్ అనే అమెరికన్ ఇది చూచి విచారించి, పాత రూపంలోని కుక్కను తెచ్చినవారికి 25 పౌన్ల బహుమానమిస్తానని 1926లో క్రఫ్ట్స్‌లో ప్రకటించారు. ఉత్సాహవంతులు కొందరు పొడుగు మూతితో అక్కడక్కడ పుట్టిన పిల్లలను ఏరి జత చేశారు. 1928లో కొత్త జాతికి ప్రమాణం తయారైనది. 1945లో కెన్నెల్ క్లబ్ కెవలియర్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించినది.

అనగా, కెవలియర్ ఒక సంస్కరణకు ఫలితం. కుక్కకు దాని ముక్కు దానికి తిరిగి ఇప్పించవలెనన్న మంచి తలంపుతో పుట్టిన జాతి. అటువంటి జాతియే మెదడుకు చాలని కపాలంతోను, చెడిన హృదయ కవాటంతోను బాధపడుతున్నది. కారణం దుర్బుద్ధి కాదు. ఎంచుకొన్న మూలకుక్కలు కొద్ది, ఆ తరువాత తలుపు మూసివేయబడినది. నమోదు పుస్తకం మూసిన తరువాత వెలుపలి రక్తం లోపలికి రాదు. లోపలి దోషం వెలుపలికి పోదు. రూపాన్ని మార్చినంత మాత్రాన ఆరోగ్యం రాదనీ, ముక్కు పొడుగైనా మూలధనం కొద్దిదైతే జాతి దివాలా తీస్తుందనీ ఈ చరిత్ర చెబుతున్నది. ప్రేక్షకునికి ఒక దోషిని చూపించడంకంటె ఈ యంత్రాంగాన్ని చూపించడం ఎక్కువ ఉపకారం చేసి ఉండేది. దోషిని మార్చితే చాలుననే భ్రమ తొలగేది.

చిన్నతనం వేరు, వికృతి వేరు

మూడవ లోపం, చిన్న పరిమాణానికి, వికృతమైన ఆకారానికి గల భేదాన్ని చిత్రం స్పష్టం చేయకపోవడం. చూచిన సామాన్యునికి బుల్లికుక్కలన్నీ రోగిష్టివే అనే భావం మిగులుతుంది. ఇది నిజం కాదు.

చిన్న కుక్కల చిన్నతనానికి ఐ.జి.ఎఫ్.1 అనే పెరుగుదల జన్యువులోని ఒక భేదం ముఖ్యకారణమని 2007లో అమెరికన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. చిన్నతనంతో సంబంధంగల మార్పు సుమారు 54,000 సంవత్సరాల నాటి సైబీరియా తోడేలులోనే ఉన్నదని 2022లో వెల్లడైనది. చిన్న పరిమాణం మనిషి చేతిలో తయారైన కృత్రిమ వికారం కాదు. ప్రకృతిలో ముందే ఉన్న అవకాశాన్ని మనిషి ఎంచుకొన్నాడు. చిన్న జాతుల కుక్కలు సామాన్యంగా పెద్ద జాతులకంటె ఎక్కువకాలం జీవిస్తవి కూడా. మూతి పొట్టిదనం మరొక సంగతి. దానికి వేరే జన్యువులు కారణం. వాటిలో ఒకటైన స్మాక్2 పాత్ర 2017లో తేలినది. చిన్నకుక్కకు సరియైన మూతి ఉండడానికి అభ్యంతరమేమీ లేదు. 'చిన్నది కావలె' అనే కోరిక తీర్చుకొనడానికి 'ముఖం చదునుగా ఉండవలె' అనే రెండవ కోరిక అవసరం లేదు. ఈ భేదం తెలిస్తేనే కొనేవాడు వివేకంతో ఎంచుకొనగలుగుతాడు.

కొనేవాని మాట వచ్చినది కనుక నాలుగవ లోపాన్ని కూడా చెప్పవలె. చిత్రం దృష్టి ప్రధానంగా ప్రదర్శనల వైపు, పెంపకందారుల వైపు ఉన్నది. కాని కుక్కల ఆకారాన్ని నిర్ణయించే శక్తులలో బజారు తక్కువది కాదు. దీనికి ఉదాహరణ బ్రిటన్‌లో వెదకనక్కరలేదు. 2003లో హచ్ టెలిఫోను సంస్థ ప్రకటనలో ఒక బాలుని వెంట ఎక్కడికి పోతే అక్కడికి నడిచే పగ్ కుక్క దేశమంతటా కనిపించినది. తెలుగునాట ఆ జాతికి 'హచ్ కుక్క' అనే పేరే స్థిరపడినది. ఏ క్లబ్బు ప్రమాణమూ చదవని గృహస్థులు, ఏ ప్రదర్శనకూ పోని పిల్లలు ఆ కుక్క కావలెనన్నారు. చల్లని దేశంలోనే ఊపిరికి తడుముకొనే జాతిని రోహిణి కార్తెలో రాళ్ళు పగిలే ఎండలుగల ఊళ్ళకు తెచ్చుకొన్నారు. ఇందులో క్రూరులెవరూ లేరు. ముద్దుగా ఉన్నదన్న ఒక్క మాట చాలినది.

2022లో లండన్‌లోని రాయల్ వెటరినరీ కాలేజీవారు ప్రకటించిన పరిశీలనలో, ఏడాది కాలంలో ఏదో ఒక రోగం కలిగే అవకాశం పగ్‌లకు ఇతర కుక్కలకంటె సుమారు 1.9 రెట్లు ఉన్నదని తేలినది. ఆరోగ్యం దృష్ట్యా పగ్‌ను మామూలు కుక్కగా పరిగణించడానికి వీలులేదని వారు నిర్ణయించారు. చదునైన ముఖం, ముడతలుపడిన నొసలు, ఉబికిన కన్నులు — ఏవి చంటిబిడ్డ ముఖాన్ని తలపించి ముద్దు కలిగిస్తున్నవో అవే దానికి రోగహేతువులు. ఈ చేదునిజాన్ని ప్రేక్షకుని ముఖం ఎదుట అద్దంలా పెట్టి ఉంటే చిత్రం సంపూర్ణమయ్యేది.

చిత్రం ఫలితాలు

లోపాలు ఇన్ని చెప్పినా, చిత్రం ఊరక పోలేదు. బి.బి.సి. 2009 నాటి క్రఫ్ట్స్ ప్రదర్శనను ప్రసారం చేయలేదు. అదే సంవత్సరం కెన్నెల్ క్లబ్ జాతి ప్రమాణాలను తిరిగి పరిశీలించి, అన్నాచెల్లెళ్ళకు, తల్లీ కొడుకులకు, తండ్రీ కూతుళ్ళకు పుట్టిన పిల్లలను నమోదు చేయడం మానినది. కేంబ్రిడ్జి జీవశాస్త్రజ్ఞుడు పాట్రిక్ బేట్‌సన్ స్వతంత్రంగా విచారణ జరిపి 2010 జనవరిలో నివేదిక సమర్పించారు. 2012లో క్రఫ్ట్స్‌లో 15 జాతుల విజేతలకు పశువైద్య పరీక్ష తప్పనిసరి చేయగా ఆరు కుక్కలు అందులో తప్పినవి. వాటిలో పెకింగీస్ ఒకటి. అదే ఏడాది హారిసన్ రెండవ చిత్రం తీసి, మూడేండ్లలో ఏమి మారినదో, ఏమి మారలేదో చూపించారు.

సమస్య మూలానికి పోయినది మాత్రం వేరొక దేశం. కెవలియర్లను ఆ జాతిలోపలనే జతచేసి పిల్లలను పుట్టించడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని నార్వే సర్వోన్నత న్యాయస్థానం 2023లో తీర్పు చెప్పినది. శాస్త్రీయమైన ప్రణాళికతో ఇతర జాతులతో సంకరం చేయడానికి ఆ తీర్పు దారి విడిచినది. మూసిన తలుపును తెరవడమే మందు అన్నమాట. భారతదేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయాల నియమాల ప్రకారం పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలివద్ద నమోదు కావలె. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదు. ఇవి మంచి నియమాలే. ఐతే నియమం కాగితం దాటి వీధిలోకి రావలెనంటే కొనేవాడు అడగడం నేర్వవలె. కుక్కపిల్లను కొనబోయేవాడు తల్లిని చూపించమనాలి. తల్లి ఊపిరి విననివ్వమనాలి. తల్లిదండ్రుల గుండె పరీక్ష కాగితాలు అడగాలి. రెండింటికీ చుట్టరికమేమిటో అడగాలి. అడిగినందుకు కోపించే అమ్మకందారువద్ద కొనకపోవడమే మేలు.

చెప్పక విడిచిన అధ్యాయం

ఇక చివరి లోపం. చిత్రం చూచిన రాత్రి తన ఒళ్ళో కెవలియర్‌నో, పగ్‌నో పెట్టుకొని కూర్చున్న యజమానికి ఆ చిత్రం ఏమి ఇచ్చినది? భయం ఇచ్చినది. అపరాధభావం ఇచ్చినది. మరునాడు ఉదయం ఏమి చేయవలెనో చెప్పలేదు. పుట్టుకముందరి పోషణను పాత పుస్తకాలు మరచినవి. పుట్టినదాని పోషణను చిత్రం మరచినది. రెండు అర్ధసత్యాలను కలిపితేగాని పూర్ణసత్యం కాదు. ఇప్పటికే ఇంట ఉన్న బుల్లికుక్కకు దాని నిర్మాణమే దాని పోషణవిధిని నిర్దేశిస్తుంది. ఎట్లాగో చూడవచ్చును.

తోడేలు నోటిలో 42 దంతాలు. రెండున్నర కిలోల చివావా నోటిలోను 42 దంతాలే. దవడ చిన్నదైనది గాని పండ్ల లెక్క తగ్గలేదు. అవి ఒకదానిపై ఒకటి ఒరిగి, నడుమ ఆహారం చిక్కి, చిగుళ్ళు చెడుతవి. కనుక ప్రతిదినం కుక్కల పేస్టుతో పండ్లు తోమడం అలంకారం కాదు, అవసరం. మనుష్యుల పేస్టు వాడరాదు.

చిన్నపిల్ల శరీరంలో చక్కెర నిల్వ బహుకొద్ది. మూడు నాలుగు నెలలలోపు టాయ్ జాతి పిల్లలు ఒక పూట తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి, తూలి, వణికి, మూర్ఛపోవచ్చును. కావున రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టవలె. తూలుతున్నట్లు కనిపిస్తే చిగుళ్ళకు తేనె గాని, చక్కెర పాకం గాని రాసి వెంటనే వైద్యునివద్దకు తీసికొనిపోవలె.

పొమరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్ వంటివాటి శ్వాసనాళపు వలయాలు మెత్తబడి అణగిపోయే స్వభావం కలవి. మెడపట్టీ లాగితే దగ్గు వస్తుంది; అది బాతు కూతలా ఉంటుంది. మెడకు బదులు రొమ్ము చుట్టూ కట్టే పట్టీ వాడవలె. సిరింగోమైలియాగల కెవలియర్‌కు కూడా ఇదే హితం. మోకాటిచిప్ప ప్రక్కకు జారడం ఈ జాతులన్నిటా సామాన్యం. నాలుగడుగులు నడిచి, ఒక కాలు ఎత్తి గెంతి, మళ్ళీ మామూలుగా నడిచే కుక్కను చూచి నవ్వుకొనరాదు, వైద్యునికి చూపించవలె. మంచం మీదనుండి, సోఫా మీదనుండి దూకనీయరాదు. మూడు కిలోల ప్రాణికి ఆ ఎత్తు మేడతో సమానం.

కెవలియర్ గుండెను గురించి ప్రత్యేకంగా చెప్పవలె. ఐదారేండ్లు వచ్చేసరికి సుమారు సగం కుక్కలలో హృదయ కవాటం సరిగా మూసికొనక, వైద్యుని గొట్టానికి మర్మరధ్వని వినిపిస్తుంది. 2016లో ప్రకటింపబడిన ఒక పెద్ద ప్రయోగంలో, గుండె పెద్దదైన దశలోనే పిమోబెండాన్ అనే మందు మొదలుపెడితే గుండె విఫలమయ్యే సమయం సగటున 15 నెలలు వెనుకకు జరుగుతుందని తేలినది. కుక్క ఆయుర్దాయంలో 15 నెలలు స్వల్పం కాదు. అందుకని ఏడాదికొకసారి గుండె పరీక్ష చేయించవలె. ఇంటివద్ద, కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు రొమ్ము లేస్తున్నదో లెక్కించవలె. ముప్పై దాటుతూ ఉంటే ఆలస్యం చేయరాదు. గడియారం తప్ప మరే పరికరమూ అక్కరలేని ఈ పరీక్షను ఇంటి పిల్లలు కూడా చేయగలరు.

కుక్కకు చెమట పట్టి శరీరం చల్లబడే సదుపాయం దాదాపు లేదు. నోరు, ముక్కులోని తడి ఆవిరియగుటవల్లనే వేడి బయటికి పోవలె. ముక్కే లేని పగ్‌కు ఆ యంత్రం సగం పని కూడా చేయదు. తెలుగు జిల్లాల వేసవిలో దానిని తెల్లవారుజామున తప్ప నడిపించరాదు. తలుపులు మూసిన కారులో క్షణమైనా విడువరాదు. రొప్పు ఆగక, నాలుక నీలివన్నె తిరిగితే చల్లని నీరు పోస్తూ గాలి విసరుతూ వైద్యశాలకు చేర్చవలె. బరువు పెరిగినకొద్దీ ఊపిరి మరింత బిగుస్తుంది కనుక, ప్రేమతో పెట్టే అదనపు ముద్ద దానికి శత్రువు. ఉబికిన కన్నులకు గీతపడితే ఒక్కరోజులో పుండు కావచ్చును.

తెలుగిండ్లలో మరొక జాగ్రత్త ఉన్నది. ఉల్లిపాయలు, వెల్లుల్లి వేసిన పులుసన్నం, కిస్‌మిస్‌లున్న పాయసం, పండుగనాటి చాకొలెట్లు కుక్కలకు విషతుల్యాలు. పెద్దకుక్క తట్టుకొనే మోతాదు చిన్నకుక్కను పడవేస్తుంది. ఇక ఒళ్ళో ఉండే కుక్కకు పిచ్చికుక్క భయమెక్కడిదని టీకా మానడం తప్పు. మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువులలో మళ్ళీ వేయించవలె.

నిర్ణయం

ఇన్ని సంగతులు ఒక గంట చిత్రంలో ఇముడునా అని అడగవచ్చును. ఇమడవు. చిత్రం వేసిన ప్రశ్న గొప్పది. దానిని వేయడానికి చూపిన ధైర్యమూ గొప్పదే. రాజకుటుంబాలు, కోటీశ్వరులు గౌరవించే సంస్థను, 'ఈ కుక్క అందంగా ఉన్నది, సరే, సుఖంగా ఉన్నదా?' అని అడిగినందుకు హారిసన్‌కు లక్షల మూగప్రాణులు ఋణపడి ఉన్నవి. కాని ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే బాధ్యతను చిత్రం కెన్నెల్ క్లబ్ మీద మోపి, చూచేవానిని న్యాయమూర్తి పీఠంమీద కూర్చుండబెట్టినది. అతడు కూర్చుండవలసినది అక్కడ కాదు. ముద్దుముఖాన్ని కోరినవాడు అతడే. డబ్బు చెల్లించినవాడు అతడే. గురకను చూచి హాస్యమనుకొన్నవాడూ అతడే.

ఐనప్పటికీ ఈ చిత్రాన్ని బుల్లికుక్క కొనదలచిన ప్రతి గృహస్థూ కొనకముందు చూడదగును. కొన్నవాడు చూస్తే, భయపడి ఊరుకొనక మరునాడే కుక్కను పశువైద్యునివద్దకు తీసికొనిపోవలె. రాత్రి నిద్రలో దాని ఊపిరిని ఒక నిమిషంపాటు లెక్కించవలె. ఆ నిమిషంలో అతనికి వినిపించే శబ్దం సుఖనిద్రదో, గాలి చాలక పడే పాటుదో తెలిసికొనడంతో నిజమైన పోషణ మొదలవుతుంది.